ఒహాయోలో జోర్: కాలువ తవ్వి అప్పు తీర్చిన ఊరు

ప్రశ్న: మొన్న మా అమ్మాయి వాళ్లు ఒహాయోలో జోర్ అనే ఊరు చూపించారు. రెండొందల మంది కూడా ఉండరట, పక్కనే ఇంత ఎత్తు మట్టికట్ట. జర్మన్ వాళ్లు అంత దూరం వచ్చి అక్కడే ఎందుకు ఆగారు? ఆ కట్ట కూడా వాళ్లదేనా? అంత చిన్నదానికి మున్సిపాలిటీ ఏంటండీ?

జవాబు: చివరిది ముందు తేల్చేద్దాం. ఒహాయో చట్టంలో 5,000 జనాభా లేని మున్సిపాలిటీని విలేజ్ అంటారు, అంతకు మించితే సిటీ, కాబట్టి జోర్ లెక్క ప్రకారమే విలేజ్.

ఇక ఎందుకు ఆగారంటే, భూమి చవగ్గా దొరికింది, అదీ అప్పు మీద. వీళ్లు జర్మనీలోని వుర్టెంబర్గ్ నుంచి వచ్చిన సెపరేటిస్టులు (చర్చి నుంచి విడిపోయినవాళ్లు), అక్కడి లూథరన్ చర్చితో పడక, పిల్లల్ని దాని బడికి పంపం, సైన్యంలో చేరం అని జైళ్లకి కూడా వెళ్లినవాళ్లు. 1817లో ఫిలడెల్ఫియాలో దిగితే క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు ఆదుకున్నారు, జోసెఫ్ బైమ్లర్ అనే ఆయన పెద్దరికం మీద టస్కరావస్ నది దగ్గర సుమారు 5,500 ఎకరాలు కొన్నారు. ముందు ఎవరి పొలం వాళ్లదే అనుకున్నారు గానీ ముసలివాళ్లూ చేతిలో పైసా లేనివాళ్లూ చాలామంది ఉండేసరికి అలా అయితే అప్పు తీరదని తెలిసిపోయింది, దాంతో 1819 ఏప్రిల్‌లో ఆస్తి అంతా ఉమ్మడి అని రాసుకున్నారు. భక్తితోనే కలిసి బతికారని అందరూ చెబుతారు, నాకైతే అందులో అప్పు పాత్రే ఎక్కువ అనిపిస్తుంది. సంఘం ఎన్నికల్లో ఆడవాళ్లకీ ఓటు ఉండేది, ఆ రోజుల్లో అమెరికాలో అది చిన్న విషయం కాదు.

అసలు కలిసొచ్చింది ఒహాయో-ఈరీ కాలువ, అంటే ఈరీ సరస్సునీ ఒహాయో నదినీ కలపడానికి తవ్విన పడవల కాలువ. అది వీళ్ల భూమి మీదుగానే వెళ్లాలి కాబట్టి ఆ ముక్క తవ్వే కాంట్రాక్టు వీళ్లే పట్టారు, మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు బుట్టలతో మట్టి మోశారు, 21,000 డాలర్లు వచ్చాయి, భూమి అప్పు తీరింది. తర్వాత పిండి, ఇనుము, ఇంకా ఏవేవో ఆ కాలువ మీదే అమ్ముకున్నారు. రైళ్లొచ్చాక కాలువ వ్యాపారం పడిపోయింది, పిల్లల తరానికి ఉమ్మడి బతుకు మీద మోజు పోయింది, 1898లో ఆస్తులు పంచేసుకున్నారు. ఊరి మధ్య మీరు చూసే ఉంటారే, పెద్ద తోట, అది మాత్రం వాళ్లదే.

అయితే ఆ లోయలో మొదట ఉన్నది వీళ్లు కాదు, లెనాపే అనే ఆదివాసీ ప్రజలు. నది కిందివైపు నాడెన్‌హుటన్‌లో 1782లో అమెరికన్ మిలీషియా 96 మంది క్రైస్తవ లెనాపేలని చంపేసింది, పిల్లలతో సహా. 1795 గ్రీన్‌విల్ ఒప్పందంలో ఆదివాసుల భూమికీ అమెరికా భూమికీ మధ్య గీసిన సరిహద్దు కూడా కొంతదూరం టస్కరావస్ వెంబడే వెళ్లింది. జర్మన్లకి భూమి అంత చవగ్గా దొరకడం వెనక ఇదంతా ఉంది.

కట్ట సంగతికొస్తే, అది జర్మన్లది కాదండీ, 1930ల్లోది. కిందివైపు డోవర్ డ్యామ్ కట్టారు, వరదొచ్చినప్పుడు అది ఆపిన నీళ్లు వెనక్కి తన్ని జోర్ దాకా వస్తాయి, ఊరు మునక్కుండా ఆ కట్ట వేశారు. దానికి కింద నుంచి నీళ్లు ఊరుతున్నాయని తేలాక ఊరినే వేరేచోటికి మార్చే ఆలోచన కూడా నడిచింది గానీ చివరికి కట్టనే బాగుచేయాలనుకున్నారు. మళ్లీ వెళ్తే బొలివర్ ఊళ్లో ఫోర్ట్ లారెన్స్ అనే పాత కోట ఉన్న చోటు కూడా చూడండి, 1778 నాటిది, కార్లో దగ్గరే.