ఫౌంటెన్ పెన్నులో పోసుకోవడానికి తడిగా పారే, చిక్కటి ఎర్ర ఇంకు ఏది మంచిది?

ముప్పై ఏళ్లు చిత్తూరులో లెక్కల పేపర్లు దిద్దాను. ఎర్ర ఇంకు గురించి నన్ను కాకపోతే ఇంకెవర్ని అడుగుతారు! డయమైన్ ఆక్స్‌బ్లడ్ కొనండి, 30 మి.లీ. సీసా చాలు. ఆరాక కూడా వెలవెలబోదు, ఎండిన నెత్తురు రంగులో నిలబడుతుంది. అంత ముదురు వద్దనుకుంటే అదే కంపెనీ రెడ్ డ్రాగన్. చవక ఎర్ర ఇంకులు రాసేటప్పుడు తిరుచానూరు కుంకుమలా మురిపిస్తాయి, ఆరేసరికి రోజ్ మిల్క్ అయిపోతాయి.

అయితే తడిగా పారాలి అంటున్నారే, దాని సంగతి నాకు ఎనిమిదో తరగతి అబ్బోడు ఒకడు నేర్పించాడు.

అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు. కొత్త సీసా, రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను, లావు పాళీ. టిక్కు పెడితే ఒక్క క్షణం తళుక్కుమని, తర్వాత మెల్లగా కాగితంలోకి ఇంకేది. ఆ సంబరంలో రాత్రికి రాత్రే నలభై పేపర్లు దిద్దేశా. పంచిన రోజు వాడు లేచొచ్చి, "సార్, నాలుగో లెక్కకి టిక్కు పెట్టారు, మార్కులు వేయలేదు" అన్నాడు. చూస్తే లెక్క మొదటి లైను నుంచీ తప్పు. టిక్కు మాత్రం ఉంది, అద్దంలో చూసినట్టు తిరగబడి! వెనక పేజీలో పెట్టింది ఇటు దిగిపోయింది. కాగితం తిప్పి చూపించా. "మీరు ఎడం చేత్తో పెట్టారేమో అనుకున్నా సార్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ వెంటనే మిగతా పిలకాయలు పేపర్లు కిటికీ వెలుతురుకి పట్టుకుని తిరగబడ్డ టిక్కులు వెతకడం మొదలుపెట్టారు. పీరియడ్ మొత్తం ఆ పంచాయితీలకే సరిపోయింది. వాడి తెలివికి ఒక మార్కు వేద్దామనిపించింది కానీ వేయలేదు.

తప్పు ఇంకుది కాదు, ముమ్మాటికీ కాగితానిదే. నోటుబుక్కు అట్ట మీద హీరోల బొమ్మలకి పెట్టే ఖర్చులో సగం లోపలి కాగితానికి పెడితే ఈ దేశంలో బాల్ పెన్ను అడుగు పెట్టేదే కాదు. అందుకే ఇంకు కొనేముందు మీ కాగితం మీద గీసి, వెనక్కి తిప్పి చూడండి.

నేరుగా గొట్టంలో ఇంకు పోసే పెన్నయితే సగానికి తగ్గగానే మళ్లీ నింపండి. మన తిరుపతి ఎండల్లో అసలే వేడి, దానికి చేతి వేడి తోడైతే లోపలి గాలి ఉబ్బి పెన్ను ఇంకు కక్కుతుంది. అప్పుడు తుడవకండి, సుద్దముక్క ఆనిస్తే అదే పీల్చేస్తుంది. మేం స్కూల్లో చేసిన పనే.

ఎర్బిన్ రూజ్ హెమటైట్ కూడా బాగుందని ఎవరో ఒకరు చెప్తారు. ఎరుపు మీద బంగారు మెరుపు, నిజమే. 2010లో వచ్చింది. కానీ దాని మడ్డి సీసా అడుక్కి దిగుతుంది, పెన్నులో గడ్డకట్టి, పాళీకి ఇంకు అందించే నాలుకకి అడ్డం పడుతుంది. ఉత్తరాలకి సరే, రోజూ రాతకి వద్దు.

ఎరుపుకి పెన్ను వేరుగా పెట్టుకోండి, అద్దంలాంటి పారదర్శకం పెన్ను మాత్రం కాదు. ఆ మరక పోదు. నింపేటప్పుడు తెల్ల పంచె కట్టుకోకండి. తిరుమల బస్సుకి టైమైందని ఇంట్లోవాళ్లు కేకలేస్తున్నప్పుడు అసలే నింపకండి. ఆ పంచె ఇప్పుడు మా స్కూటర్ తుడుస్తోంది.