ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉంటే కంటి నరాల్లో నీరు సరిగా బయటికి పోదా?

షుగర్ ఇంకా రాలేదు, ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా అది సరిగా పనిచేయకపోవడం) మాత్రమే ఉందన్నారు, ఇప్పటినుంచే కంటికి ముప్పు ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. మా అన్న విషయంలో చూశాను కాబట్టి చెబుతున్నాను.

మాది నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట వైపు. అన్నకి రొయ్యల గుంటలు. కరెంటు పోతే నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోతాయని ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు గట్టు మీదే కాపలా. పొట్ట పెరిగింది, మెడ వెనక చర్మం నల్లగా, మందంగా తయారైంది. ఎండకి అనుకున్నాం. అది ఇన్సులిన్ రెసిస్టెన్స్ గుర్తని మాకేం తెలుసు?

ఒకరోజు పొద్దున రొయ్యలు మేత తిన్నాయో లేదో చూద్దామని గుంటలో వేసిన చెక్‌ట్రే (మేత పళ్ళెం) పైకి లాగి, "రేయ్, దీని అంచు వంకరగా కనబడతా ఉంది, నీకూ అట్నే ఉందా?" అన్నాడు. నాకు తిన్నగానే ఉంది. మొదట చూపించిన చోట కళ్ళజోడు మార్చి పంపేశారు. రెండు నెలలు అలా వృథా అయిపోయాయి, ఆ బాధ నాకింకా ఉంది. తర్వాత కంటి లోపలి పొరలు చూపించే ఓసీటీ స్కాన్‌లో, రెటీనా (కంటి వెనక చూపునిచ్చే నరాల పొర) మధ్యలో నీరు చేరిందని తేలింది. షుగర్ ఎప్పుడో వచ్చేసింది, మాకే తెలియలేదు.

రెటీనాలో ముల్లర్ కణాలని ఉంటాయి. చేరిన నీటిని బయటికి తోడే పని వాటిది. వాటి గోడల్లో ఆక్వాపోరిన్-4 అనే ప్రోటీన్ నీటికి తూములా పనిచేస్తుంది. పొటాషియం బయటికి పోతుంటే దాని వెంట నీరు పోతుంది. షుగర్ జబ్బులో ఆ పొటాషియం దారులు చెదిరిపోతాయి, నీరు కణంలోనే నిలిచి అది ఉబ్బుతుంది. అటు రక్తనాళాలు కారుతుంటాయి. గుంటలో నీరు పెడుతూ తూము మూసేసినట్టే. కంటిలోని వ్యర్థాలు కంటి నుంచి మెదడుకి వెళ్ళే ఆప్టిక్ నరం వెంబడి బయటికి పోతాయనీ, దానికీ ఈ ఆక్వాపోరిన్-4 కావాలనీ 2020లో ఎలుకల మీద చూపించారు. మెదడులో ఇలాంటి శుభ్రత టైప్ 2 డయాబెటిస్ ఉన్న ఎలుకల్లో మందగించిందని 2017లో ఎంఆర్‌ఐతో చూశారు.

రెసిస్టెన్స్ ఒక్కదానితోనే ఈ తూము మూసుకుపోతుందని వీటిలో తేలలేదు, అయినా షుగర్ వచ్చేదాకా ఆగొద్దు. అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాంలో, ప్రీడయాబెటిస్ (షుగర్‌కి ముందు) దశలోనే ఉన్నవాళ్ళలో సుమారు 8 శాతం మందికి రెటీనా దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. చూపు బాగానే ఉన్నా సరే, కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేసి రెటీనా చూసే పరీక్ష చేయించుకోండి. నిద్ర చాలకపోతే రెసిస్టెన్స్ పెరుగుతుంది, అందుకే ఇప్పుడు రాత్రి కాపలా వంతులేసుకున్నాం.

అన్నకి కంట్లో ఐదు ఇంజెక్షన్లు వేశారు. రోజూ పొద్దున ఒక కన్ను మూసి, ఇంకో కంటితో చెక్‌ట్రే అంచు చూసుకుంటాడు. ఇప్పుడు తిన్నగానే కనబడుతోంది.