వంగిన లింకు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ పొక్లెయిన్ బకెట్ సైడు లింకు, అదే బండి చేతికీ (ఆర్మ్) బకెట్‌ను తిప్పే సిలిండరుకూ (జాక్) మధ్య ఉండే జంట ఇనుప పట్టీల్లో ఒకటి, వంగిందనీ, మెకానిక్కును పిలవకుండా నువ్వే విప్పి, కాల్చి సరిచేస్తానంటున్నావనీ అక్క ఫోనులో చెప్పింది. బండి ఉన్నవాడికి దాని పిన్నులు విప్పడం రావాలని నీకు నూరిపోసింది నేనే. ఆ మాట పట్టుకున్నందుకు గర్వంగానే ఉంది. కానీ ‘కాల్చి’ అన్నావట, అక్కడే నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే సగం విని ‘సరే మామయ్యా’ అంటావు. అందుకే రాస్తున్నాను.

విప్పడం నీకు తెలిసిందే. బండిని చదును నేల మీద నిలిపి, బకెట్‌ను కదలకుండా ఆనించు. ఇంజన్ ఆపాక లివర్లు అటూ ఇటూ కదిపి గొట్టాల్లో మిగిలిన ఒత్తిడి పోగొట్టు. పిన్ను ఊడగానే బకెట్ జాక్ దబ్బున కిందికి వాలుతుంది, ముందే బెల్టు వేసి ఉంచు. పిన్నును సమ్మెటతో నేరుగా బాదకు. దాని పైపొర గట్టిపరచి ఉంటుంది, పెచ్చు లేస్తే సూటిగా కంటికే వస్తుంది. మధ్యలో ఇత్తడి కడ్డీ పెట్టు. కళ్ళద్దాలు మరిచిపోయానంటే ఊరుకోను.

ఇక కాల్చడం సంగతి.

నాకు పని నేర్పిన మేస్త్రీకి ఇనుము మాట వింటుందని అందరూ అనేవారు. ఒకసారి నీకు వచ్చిన ఇబ్బందే వచ్చింది. కొత్త లింకు వచ్చేదాకా బండి ఆగాలి, యజమానికి తొందర. మేస్త్రీ గ్యాస్ మంట పెట్టి, లింకు నారింజ రంగుకు వచ్చేదాకా కాల్చాడు. జాకీతో నొక్కి వంపు తీశాడు. చల్లారే దాకా ఆగక నీళ్ళు గుమ్మరించాడు. స్కేలు ఆనించి చూస్తే ఎక్కడా వంక లేదు. అందరం శభాష్ అన్నాం.

బిగించేటప్పుడు తెలిసింది. పిన్ను మొదటి రంధ్రంలోకి దిగింది, అవతలి దానిలోకి దిగలేదు. వంపు పోయింది గానీ లింకులో చిన్న మెలి మిగిలిపోయింది, పొడవూ కాస్త మారింది. ఆయన ఆపరేటర్‌ను పైకెక్కించి, ‘కొంచెం, ఇంకొంచెం’ అంటూ ఆర్మ్ కదిలించసాగాడు. రంధ్రాలు కలిశాయో లేదో చూడటానికి చూపుడు వేలు లోపల పెట్టి తడిమాడు. ఆపరేటర్ తప్పేమీ లేదు, లివర్ ఇసుమంత ఎక్కువ కదిలింది. జరిగే రంధ్రాల అంచులు కత్తెర రెక్కలే. మేస్త్రీ అరవలేదు. పిన్ను ఇవ్వమన్నట్టు ఆ చేయి నా వైపు చాచాడు. చేయంతా నల్లటి గ్రీజు. నేను పిన్ను అందించబోతే గానీ ఆ వేలికి కొస లేదని కనిపించలేదు.

తరువాత కూడా ఆయన చాలా కాలం పని చేశాడు. నట్టును మాత్రం నడిమి వేలితో మొదలుపెట్టేవాడు. ఆ లింకు సంగతంటావా, కొన్నాళ్ళకే కాల్చిన చోటే సన్నటి పగులు పుట్టి తెగిపోయింది. ఒక వేలు ఖర్చు పెట్టి దక్కించుకున్న లింకు అది.

ఎందుకు తెగిందో చెబుతాను విను. ఇలాంటి లింకుల ఉక్కుకు చాలావరకు తయారీలోనే కాల్చి, చల్లార్చి, మళ్ళీ మితంగా వేడిచేసి బలం పట్టిస్తారు. నారింజ రంగు అంటే సుమారు 900 డిగ్రీల పైమాటే, అంత వేడికి ఆ పట్టించిన బలం చెడిపోతుంది. ఆపైన నీళ్ళు పోస్తే పెళుసవుతుంది. కాల్చకుండా చల్లగానే నొక్కుతానంటావేమో, ఒకసారి వంగిన ఉక్కును తిరిగి వంచితే కంటికి ఆనని పగుళ్ళు మిగలవచ్చు. కాబట్టి మార్చు. రెండు సైడు లింకులూ కలిపి మార్చు. అరిగిన బుష్షుతో (రంధ్రంలో పిన్ను చుట్టూ ఉండే గొట్టం) ఒక పాత లింకు, బిగువుగా ఒక కొత్త లింకు ఉంటే భారం సమంగా పంచుకోవు. పిన్నులూ బుష్షులూ కూడా కొత్తవే వెయ్యి. ఇక్కడ పిసినారితనం చేస్తే మళ్ళీ విప్పేది నువ్వే.

లింకు తెప్పించేటప్పుడు బండి మోడల్ ఒక్కటే చెబితే చాలదు, సీరియల్ నంబరు, ఆర్మ్ పొడవు కూడా చెప్పు. వంగని లింకును కొలిచి సరిచూసుకో. రెండు రంధ్రాలూ ఒకే సైజైతే ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచుకు కొలువు, అదే నడిమికి నడిమి దూరం. పొడవు తప్పిన లింకు వేస్తే బకెట్ ముడిచినప్పుడు వెళ్ళి ఆర్మ్‌కు తగులుతుంది.

లింకు ఒక్కటే వంగిందనుకోకు. జాక్ రాడ్డు మీద స్కేలు ఆనించి చూడు. ఆర్మ్ రంధ్రాలను నిలువునా అడ్డంగా కొలువు, తేడా వస్తే కోడిగుడ్డు ఆకారంలో అరిగినట్టే. అక్కడ వెల్డింగ్ చేయించాల్సి వస్తే ముందు బ్యాటరీ వైర్లు విప్పు. ఎర్త్ క్లాంపును వెల్డింగ్ పక్కనే తగిలించు, కరెంటు పిన్నుల గుండా, జాక్ గుండా పోకూడదు.

బిగించే రోజు నీకు ఒక్కటే ఆజ్ఞ. రంధ్రంలో వేలు పెట్టకు. టార్చి వేసి చూడు, మొన సన్నబడిన కడ్డీ దూర్చి సరిచెయ్యి. కదపాల్సి వస్తే నువ్వు ఎడంగా జరిగాకే లివర్ ముట్టుకోమను, నువ్వు దగ్గరికి వెళ్ళేముందు ఇంజన్ ఆపించు. నాకు తిట్టడం సరదా కాదురా. చిన్నప్పుడు నా వేలు పట్టుకుని వర్క్‌షాపుకు వచ్చేవాడివి, ఆ చేతులు అలాగే ఉండాలి.

కొత్త గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా కొట్టు. మొదటి రోజు పనయ్యాక పిన్ను లాకు బోల్టులు మళ్ళీ బిగించు.

ఇంతకీ అది ఎందుకు వంగిందో అక్క చెప్పలేదు. నీ ఆపరేటర్ బకెట్ అంచును బండకు తగిలించి, బండిని పక్కకు తిప్పి నెడుతున్నాడా? లింకులు ముందూ వెనకా లాగడానికే గానీ పక్కవాటు తోపుకు కాదు. కొత్తది వేసిన మర్నాడు అతని పక్కన నిలబడి చూడు. అలాగే చేస్తుంటే నువ్వు గొడవ పడకు, ఫోన్ అతని చేతికివ్వు, నేను మాట్లాడతాను.

మీ మామయ్య