సమాధానం: ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పొరపాటున ట్యాబ్ మూసుకుపోతోంది

అన్నా, కావలిలో మీ నెట్ సెంటర్ ఇబ్బంది అర్థమైంది. పాతిక ట్యాబ్‌లు తెరిచినప్పుడు ట్యాబ్ మార్చబోయి ఇంటూ గుర్తు నొక్కేస్తున్నారు, సగం నింపిన అప్లికేషన్ పోతోంది. పైగా చివరి ట్యాబ్ మూస్తే విండో మొత్తం పోతోందన్నారు.

ముందు ఇంటూ సంగతి. అడ్రస్ బార్‌లో అబౌట్:కాన్ఫిగ్ అని ఇంగ్లీషులో కొట్టండి. హెచ్చరిక వస్తుంది, టెన్షన్ వద్దు, ఒప్పుకుని ముందుకెళ్లండి. అక్కడ ట్యాబ్‌క్లిప్‌విడ్త్ అని కలిపి వెతకండి. మామూలుగా 140 ఉంటుంది. దాన్ని 1000 చేయండి. ఇక మీరు చూస్తున్న ట్యాబ్‌కి తప్ప మిగతావాటికి ఇంటూ కనిపించదు. నాకైతే ఈ ఒక్క మార్పు చాలు.

అక్కడే క్లోజ్‌విండోవిత్‌లాస్ట్‌ట్యాబ్ వెతికి ఫాల్స్ చేస్తే, చివరి ట్యాబ్ మూసినా విండో నిలుస్తుంది.

మౌస్ చక్రం కూడా చూసుకోండి. ట్యాబ్ మీద దాన్ని నొక్కినా మూసుకుపోతుంది, ఇంటూ దాచినా సరే.

ఇప్పటికే పోయిందా? కంట్రోల్, షిఫ్ట్, టీ కలిపి నొక్కండి, ట్యాబ్ తిరిగొస్తుంది. రాసింది కూడా చాలాసార్లు వస్తుంది కానీ, లాగిన్ గడువు ఉండే సైట్లలో నమ్మకం పెట్టుకోవద్దు. సేవ్ డ్రాఫ్ట్ ఉంటే పేజీ పేజీకీ నొక్కడమే మేలు. చూసినవి గుర్తుంచుకోని ప్రైవేట్ విండో మూసేస్తే మాత్రం అందులోవి ఇక రావు. కస్టమర్ల లాగిన్‌లకు అదే వాడాలి కాబట్టి అక్కడ జాగ్రత్త.

క్రోమ్‌లో ఈ రెండు సెట్టింగులూ లేవు, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి.