అమ్మాయి అంతర్ముఖి అని రిపోర్టు వచ్చింది, లా చదవగలదా?

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా అమ్మాయి సెకండ్ పీయూ (మన ఇంటర్ రెండో ఏడాది) చదువుతోంది, లా చేస్తానంటోంది. ఈమధ్య ఒక సంస్థ వాళ్ళు కాలేజీలో వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఆమె 'ఐఎన్ఎఫ్‌జే' రకమనీ, బహిర్ముఖత్వం (నలుగురిలో చొరవగా కలిసే గుణం) 34వ పర్సెంటైల్ అనీ, సైకాలజీ సరిపోతుందనీ, లా సిఫారసు చేయలేమనీ రిపోర్టు ఇచ్చారు. అది నిజమేననిపిస్తోంది. బంధువులొస్తే గదిలోంచి బయటికి రాదు. తమ్ముడి స్కూలు వ్యాన్ వాళ్ళు ఎక్కువ డబ్బు తీసుకుంటే మాత్రం తనే కన్నడంలో వాదించి వెనక్కి తెప్పించింది. సైకాలజీ, లా ఈ రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: మీరడిగింది రెండు కోర్సుల పోలికే అయినా, మిమ్మల్ని తొలుస్తున్నది నలుగురిలో నోరు విప్పని పిల్ల రేపు ఎలా నెగ్గుకొస్తుందన్న దిగులు. ఈ దిగులుతో రాసే తల్లిదండ్రులు నాకు కొత్త కాదు. దానికి రంగురంగుల గ్రాఫులతో అచ్చైన సాక్ష్యం తోడవడమే ఈ మధ్య కొత్తగా చూస్తున్నాను. కాబట్టి ముందు ఆ సాక్ష్యం బలమెంతో చూద్దాం. లా ప్రవేశ పరీక్ష క్లాట్ సంగతులు, దరఖాస్తు గడువులు మీ అమ్మాయికి మనకన్నా బాగా తెలిసే ఉంటాయి, వాటి జోలికి వెళ్ళను.

మీకిచ్చిన రిపోర్టులో ఒకదానితో ఒకటి పొసగని రెండు పద్ధతులను కలిపేశారు. 'ఐఎన్ఎఫ్‌జే' వంటి నాలుగక్షరాల ముద్ర, స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త యుంగ్ 1921లో ప్రకటించిన ఆలోచనల ఆధారంగా కేథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మయర్స్ రూపొందించిన పరీక్ష నుంచి వచ్చింది. అది మనుషులను 16 రకాలుగా విడదీస్తుంది. పర్సెంటైల్ అన్నది లక్షణ సిద్ధాంతానికి, అంటే మనుషులను రకాలుగా విడదీయకుండా ఒక్కో లక్షణం ఎవరిలో ఎంత ఉందో కొలిచే పద్ధతికి చెందిన లెక్క. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే మనస్తత్వవేత్తలు ఇంగ్లీషు నిఘంటువు నుంచి మనిషి స్వభావాన్ని చెప్పే దాదాపు 18,000 మాటలను ఏరారు. కాటెల్ అనే మరో మనస్తత్వవేత్త గణాంక పద్ధతులతో వాటిని కుదించి 16 మూల లక్షణాల దాకా తెచ్చాడు. ఆ తర్వాత ఎందరో చేసిన పరిశోధనలలో మళ్ళీ మళ్ళీ ఐదు లక్షణాలే తేలాయి. కొత్తదనం పట్ల ఆసక్తి, పనిలో క్రమశిక్షణ, బహిర్ముఖత్వం, ఇతరులతో సర్దుబాటు, ఉద్వేగాల ఒడిదుడుకులు అనేవి ఆ ఐదు. ఈ సిద్ధాంతంలో అంతర్ముఖి అనే విడి జాతి ఏదీ లేదు. బహిర్ముఖత్వం ఒక గీత అనుకుంటే ఎక్కువ మంది దాని మధ్య భాగంలోనే ఉంటారు, అంచుల్లో ఉండేవారు కొద్దిమంది. ఆ గీతను సరిగ్గా నడిమికి తెంపి అటువాళ్ళను ఒక రకమనీ ఇటువాళ్ళను మరో రకమనీ అంటే, మధ్యలో పక్కపక్కనే ఉన్న ఇద్దరు పరస్పర విరుద్ధ స్వభావులైపోతారు. నాలుగక్షరాల పరీక్షను కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాసిన వారిలో చెప్పుకోదగ్గ సంఖ్యలో జనానికి వేరే రకం రావడానికి ఇదొక కారణం. ఉద్యోగాలకు అభ్యర్థులను వడపోయడానికి దానిని వాడకూడదని ఆ పరీక్ష బాధ్యతలు చూసే సంస్థే చెబుతున్నప్పుడు, పదిహేడేళ్ళ పిల్లకు లా కాలేజీ తలుపు మూయడానికి దానిని వాడే అధికారం ఎవరిదో నాకు అర్థం కాదు.

ఇక 34వ పర్సెంటైల్ అంటే, పోల్చిన గుంపులో నూటికి సుమారు 34 మంది బహిర్ముఖత్వంలో ఆమెతో సమానంగానో ఆమెకన్నా తక్కువగానో ఉన్నారని మాత్రమే అర్థం. ఆ గుంపు ఎవరు? అమెరికాలోని పెద్దవాళ్ళా, బెంగళూరులోని పీయూ విద్యార్థులా? రిపోర్టులో ఆ వివరం లేకపోతే ఆ అంకె ఏమీ చెప్పదు. పైగా ఇవన్నీ పిల్ల తన గురించి తాను రాసుకున్న జవాబులు. 'పార్టీలలో ఉత్సాహంగా ఉంటాను' వంటి ప్రశ్నకు, వారమంతా కాలేజీ, ఆదివారం కోచింగ్ తప్ప ఎరగని పిల్ల ఏమని టిక్ పెడుతుంది? ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయి ఇంగ్లీషు ప్రశ్నలు చదివి తన ఏ ముఖాన్ని తలచుకుని జవాబు రాసిందో కూడా ఆలోచించాలి.

రిపోర్టు నిజమేననిపించిందన్నారు. అనిపించకపోతేనే వింత. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరికి వారికి విడిగా రాసినట్లు చెప్పి, అందరికీ ఒకే వర్ణన పంచాడు. అది తమకు ఎంత బాగా సరిపోయిందో మార్కులు వేయమంటే సగటున ఐదుకు 4.26 వేశారు. ఆ వాక్యాలను అతడు తీసుకున్నది ఒక జ్యోతిషం పుస్తకం నుంచి! మనం జాతకాలకు అలవాటుపడ్డ వాళ్ళం. ఆ అలవాటుతోనే ఈ రిపోర్టునూ చదువుతున్నాం.

ఇంకో మాట, కొంచెం కటువుగానే చెబుతున్నాను. వ్యాన్ వాళ్ళతో పిల్ల పరభాషలో వాదించి డబ్బు వెనక్కి తెచ్చిందని మీరే రాశారు, దానిని ఒక వాక్యంలో దాటేశారు. బంధువుల ముందు మౌనంగా ఉండడాన్ని మాత్రం ఆమె స్వభావంగా తీర్మానించారు. 1968లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వవేత్త లేవనెత్తిన అభ్యంతరం సరిగ్గా దీని మీదే: లక్షణాల కొలతకూ, ఒక సందర్భంలో మనిషి నిజంగా ప్రవర్తించే తీరుకూ మధ్య సహసంబంధం (సున్నా అంటే సంబంధం లేనట్టు, ఒకటి అంటే పూర్తిగా ఉన్నట్టు) సాధారణంగా 0.30 దాటడం లేదని, సందర్భాన్ని వదిలేసి మనిషిని అంచనా వేయలేమని ఆయన వాదించాడు. అనేక సందర్భాలను కలిపి చూస్తే లక్షణాల అంచనా మెరుగవుతుందని తర్వాతివారు చూపించారు, అదీ నిజమే. కానీ మీరు కలిపి చూడలేదు. ఆమెకు ఇష్టం లేని సందర్భాన్ని ఒక్కదాన్నే తీసుకున్నారు. మార్కులెన్ని, పెళ్ళెప్పుడు అని అడిగే చుట్టాల మధ్య కూర్చోవాలని ఏ పదిహేడేళ్ళ పిల్లకు ఉంటుంది? 'మా అమ్మాయి అంతర్ముఖి అండీ' అని ఆమె ఎదుటే వచ్చినవాళ్ళకు పరిచయం చేసే అలవాటు మీ ఇంట్లో మొదలై ఉంటే ఇవాళే మానండి.

మీ దిగులు విషయానికొస్తే, మాట తక్కువైనంత మాత్రాన మనిషి వెనుకబడడు. వ్యక్తిత్వానికీ ఉద్యోగంలో పనితీరుకూ ఉన్న సంబంధంపై బారిక్, మౌంట్ అనే పరిశోధకులు అనేక అధ్యయనాలను క్రోడీకరించి 1991లో ప్రకటించిన ఫలితాలలో, పరిశీలించిన వృత్తివర్గాలన్నింటిలోనూ పనికొచ్చిన లక్షణం క్రమశిక్షణ. బహిర్ముఖత్వం ప్రధానంగా అమ్మకాలలో, మేనేజర్ల పనిలో ఉపయోగపడింది. పైగా లక్షణాలు రాతిమీద గీతలు కావు. ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య మనుషులలో సగటున క్రమశిక్షణ, ఉద్వేగ స్థిరత్వం పెరుగుతాయని దీర్ఘకాలిక అధ్యయనాలు చెబుతున్నాయి. మీ అమ్మాయి ఇంకా ఆ వయసుకు చేరనే లేదు.

ఇప్పుడు సైకాలజీ. నగరంలో ఈ సబ్జెక్టుకు మోజు పెరిగింది, నాకు దానిమీద అనుమానాలూ పెరిగాయి. అనుమానం సబ్జెక్టు మీద కాదు, దానిని చూపించి పిల్లలను ఆకర్షించే తీరు మీద. డిగ్రీ పూర్తయితే సైకాలజిస్టు అయిపోరు. తర్వాత రెండేళ్ళ పీజీ, క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆపైన గుర్తింపు పొందిన వృత్తి శిక్షణ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. మన ఊళ్ళోనే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉన్నా అక్కడి సీట్లు కొద్ది, పోటీ తీవ్రం. ఈ శిక్షణ కోర్సుల నిబంధనలు మారుతుంటాయి కనుక దేనికి గుర్తింపు ఉందో చేరేముందు సరిచూసుకోవాలి. ఇతరుల కష్టాలు ఓపికగా వినడమే చదువనుకుని చేరిన పిల్లలు మొదటి ఏడే గణాంకశాస్త్రం చూసి బెదిరిపోవడం నాకు తెలుసు. మధ్యలో ఆగినవారిలో కొందరు కంపెనీల హెచ్ఆర్ విభాగాలలో చేరి, ఇలాంటి నాలుగక్షరాల రిపోర్టులనే ఇతరులకు పంచుతున్నారు. ఇంతకీ అంతర్ముఖి గనుక సైకాలజీ అన్న తర్కమే తలకిందులు. ఆ వృత్తిలో రోజంతా ముక్కూమొహం తెలియనివారితో మాట్లాడాలి.

లా గురించి చెప్పవలసింది తక్కువ. కోర్టులో వాదించడం అందులో ఒక భాగం. ఒప్పందాలు రాయడం, దస్తావేజులు పరిశీలించడం, పాత తీర్పులు వెతకడం, కంపెనీల న్యాయ విభాగాలలో పనిచేయడం వంటివాటిలో నిశ్శబ్దంగా గంటల తరబడి చదవగలగడమే బలం. ఐదేళ్ళ సమీకృత కోర్సు, తర్వాత బార్ కౌన్సిల్ నమోదు, అర్హత పరీక్ష. దారి స్పష్టంగానే ఉంది. మొదటి కొన్నేళ్ళు సంపాదన తక్కువగా ఉండవచ్చు, దానికి మీరు సిద్ధపడాలి. నన్నడిగితే, ఆమె కోరుకున్న లా చదవనివ్వండి. సైకాలజీ మీద ఆమెకే ఆసక్తి పుడితే వేరే మాట; ఇప్పటికైతే ఆ ఆసక్తి రిపోర్టుదే తప్ప ఆమెది కాదు.

ఆ రిపోర్టును ఆమె చేతికే ఇచ్చి, ఏ వాక్యాలు తప్పో పెన్సిల్‌తో కొట్టివేయమనండి. సెలవుల్లో తెలిసిన న్యాయవాది ఎవరైనా ఉంటే వారి ఆఫీసులో ఒక వారం కూర్చోనివ్వండి. పరీక్ష పెట్టిన సంస్థకు ఫోన్ చేసి, పోల్చిన గుంపు ఏదో, లా వద్దనడానికి ఏ ఆధారం ఉందో అడగండి, జవాబు రాతపూర్వకంగా కోరండి.