ఉపగ్రహం చూస్తే సరిపోదు

చిరంజీవికి ఆశీస్సులు.

అంతరిక్ష పరిశోధన సమాజానికి చేసిన మేలు గురించి రాస్తానన్నావు. అంతరిక్ష పరిశోధన వల్లే పుట్టాయని జనం చెప్పుకునే టెఫ్లాన్ పూత, వెల్‌క్రో పట్టీ, టాంగ్ పానీయం పొడి పేర్లను ముందు జాబితాలోంచి తీసేయ్. మూడూ అపోలో చంద్రయాత్రల కంటే పాతవే. టెఫ్లాన్ అయితే 1938 నాటిది. విషయం తెలిసిన పాఠకుడు అక్కడే వ్యాసం పక్కన పెట్టేస్తాడు. రూపాయి పెడితే ఇన్ని రూపాయలు వచ్చాయనే లెక్కల్నీ తరచి చూడు. వాటిలో చాలావరకు జీతాలు, కాంట్రాక్టుల సొమ్మునే లాభంగా చూపిస్తాయి. ఆ సొమ్ము రోడ్లకు పెట్టినా పదిమంది చేతుల్లో తిరిగేదే.

ఒక్క గొలుసు పట్టుకో: ఉపగ్రహం, దాని సంకేతాలు అందుకునే నేలమీది కేంద్రం, విశ్లేషకుడు, అధికారి, చివరి మనిషి. ఆ సమాచారం అందాక చివరి మనిషి చేసే పని మారిందా? మారకపోతే నీ దగ్గరున్నది ఫొటో, ప్రయోజనం కాదు.

1970 నవంబరులో భోలా తుపాను ఇంకా సముద్రం మీద ఉండగానే వాతావరణ ఉపగ్రహాలు దాన్ని పట్టాయి. అయినా అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో కనీసం మూడు లక్షల మంది పోయారు. గొలుసు తెగింది నేల మీద. హెచ్చరిక చాలామందికి చేరలేదు. చేరినవాళ్లకు ముప్పు ఎంతో అర్థం కాలేదు. అర్థమైనా తలదాచుకునే చోటు లేదు. తర్వాత బంగ్లాదేశ్ 1972లో వాలంటీర్ల వ్యవస్థ పెట్టింది, షెల్టర్లు కట్టింది. 2007 సిద్ర్ తుపానులో మృతులు కొన్ని వేలు. ఈ తేడా అంతా ఉపగ్రహం ఖాతాలో వేయకు. రెండు తుపాన్లూ ఒకే తీరువి కావు కూడా. అలాగని ఉపగ్రహం వాటా సున్నా అనీ రాయకు.

వాటా తేల్చడమే కష్టం. అందుకు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు అందించిన సైట్ (SITE) ప్రయోగం గురించి చదువు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించింది. సామాజిక శాస్త్రవేత్తలు ప్రయోగానికి ముందు, మధ్యలో, తర్వాత సర్వేలు చేశారు. టీవీ లేని ఊళ్లతో పోల్చారు. ఆ పోలిక లేకపోతే రేడియో వల్లో బడి వల్లో వచ్చిన మార్పు కూడా టీవీ పద్దులో పడేది. ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. పథకం ముగిశాక జనానికి ఏం మిగిలిందన్న ప్రశ్నను చాలా వ్యాసాలు దాటేస్తాయి, ఎందుకో మరి.

ధర కూడా గొలుసులో ఒక లంకే. భూమిని ఫొటోలు తీసే అమెరికా ఉపగ్రహాలు లాండ్‌శాట్‌ల చిత్రం ఒక్కోటి వందల డాలర్లు ఉన్నప్పుడు రోజుకు పదుల్లో అమ్ముడయ్యేవి. 2008లో ఉచితం చేశాక డౌన్‌లోడ్లు రోజుకు వేలల్లోకి వెళ్లాయి. ఇక్కడ మారింది విధానం, కెమెరా కాదు. ఇలాంటిది దొరికితే పేరా మొత్తం దానికే ఇవ్వు.

ఖర్చు ఎవరి నెత్తిన పడిందో కూడా రాయి. బ్రెజిల్‌లో అల్కాంటరా ప్రయోగ కేంద్రం కోసం 1980ల్లో 312 కుటుంబాలను తీరం నుంచి లోపలికి తరలించారు. చేపల వేటతో బతికేవాళ్లకు సముద్రం దూరమైంది. నువ్వు ఏ కేంద్రం గురించి రాసినా, ఆ నేల అంతకుముందు ఎవరిదో కనుక్కున్నాకే చిత్తుప్రతి పంపు.