వంద యెన్ల నాణెం, ఒక పాట

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ నవల రాతప్రతి అందింది. మూడు రోజుల్లో మొదటినుంచి చివరిదాకా చదివాను. ఐదో అధ్యాయం మాత్రం రెండుసార్లు చదివాను, ఎందుకో తర్వాత చెబుతాను. ప్రతి అధ్యాయానికీ తలమీద ఒక పాట పేరు, పాడినవారి పేరు, కొన్నిచోట్ల రెండేసి చరణాలు కూడా రాశావు. ఈ నవల ఆ పాటల వల్లనే పుట్టిందనీ, రాసినన్నాళ్లూ అవే చెవుల్లో మోగుతూ ఉన్నాయనీ, పుస్తకం చివర వాటి జాబితా ఇవ్వవచ్చా అనీ ఉత్తరంలో అడిగావు. జాబితా సంగతి చిన్నది, చివర్లో చూద్దాం. అంతకంటే పెద్ద ప్రశ్న నీ రాతప్రతిలోనే ఉంది. నిన్ను కదిలించిన పాట, దాన్ని ఎన్నడూ వినని పాఠకుడికి ఎలా అందుతుంది? నేను ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నతోనే పెనుగులాడుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నా మొదటి నవలలో నేనూ నువ్వు చేసిన పనే చేశాను. తండ్రి పోయిన రాత్రి కొడుకు కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. ఎక్కడినుంచో రేడియోలో ఒక పాత పాట వినిపిస్తుంది. ఆ పాటలోని నాలుగు పంక్తులు ఎత్తి రాసి, అక్కడితో అధ్యాయం ముగించాను. ఆ పాట వింటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది, అందువల్ల ఆ పేజీ చదివినవారికీ అలాగే అవుతుందని నమ్మాను. దాన్ని చదివిన ఒక సంపాదకుడు మార్జిన్‌లో పెన్సిల్‌తో "ఈ పాట నేను వినలేదు. మరి నా సంగతేమిటి?" అని రాసి తిప్పి పంపారు. ఆ ఒక్క వాక్యం మీద నాకు చాలా రోజులు కోపం పోలేదు. కోపం చల్లారాక తెలిసివచ్చింది: ఆ పేజీలో ఉన్న దుఃఖం ఆ పాట కట్టినవారిది, నేను అరువు తెచ్చుకున్నాను, ఆ పాట ముందే తెలిసిన పాఠకుడి దగ్గర తప్ప ఆ అరువు చెల్లదు.

ఈ విషయంలో నా కళ్లు తెరిపించిన రచయిత జపాన్‌కు చెందిన హరుకి మురకామి. ఆయన 'నార్వేజియన్ వుడ్' నవల 1987లో రెండు సంపుటాలుగా, ఒకటి ఎర్ర అట్టతో, ఇంకొకటి పచ్చ అట్టతో వచ్చి, అక్కడ లక్షలాది ప్రతులు అమ్ముడుపోయింది. ఆ పేరు బీటిల్స్ అనే ఇంగ్లండ్ సంగీత బృందం పాడిన పాట పేరు. 1965 డిసెంబరులో వచ్చిన 'రబ్బర్ సోల్' ఆల్బమ్‌లోది, రెండు నిమిషాలు దాటీ దాటని చిన్న పాట. నడక మన తిశ్ర గతిలాగా మూడు మూడుగా ఊగుతూ సాగుతుంది, గిటార్ పక్కన జార్జ్ హారిసన్ వాయించిన సితార్ పలుకుతూ ఉంటుంది. ఒక అమ్మాయి ఒకతన్ని తన గదికి తీసుకువెళుతుంది, ఎక్కడైనా కూర్చోమంటుంది, చూస్తే గదిలో కుర్చీయే లేదు. రాత్రి చాలాసేపు మాట్లాడుకుంటారు, అతను స్నానాల తొట్టిలో పడుకుంటాడు, లేచేసరికి ఆమె ఉండదు. వాళ్లిద్దరి మధ్య ఏం జరిగిందో, ఏం జరగలేదో పాట చెప్పదు.

ఆ పాట పేరులోని 'వుడ్' ఆ గదిలోని చెక్కపనికి సంబంధించిన మాట. జపాన్‌లో మాత్రం ఆ పాటకు స్థిరపడిన పేరుకు 'నార్వే అడవి' అని అర్థం వస్తుంది, మురకామి తన నవలకు పెట్టుకున్నదీ ఆ పేరే. దీన్ని అనువాదంలో దొర్లిన పొరపాటు అనేవారు ఉన్నారు. అమెరికన్ కథలనూ నవలలనూ స్వయంగా జపనీస్‌లోకి అనువదించిన మనిషికి ఆ తేడా తెలియదని నేను అనుకోను. నవలలో నవొకొ అనే అమ్మాయి, ఈ పాట వింటే దట్టమైన అడవిలో ఒంటరిగా దారితప్పి తిరుగుతున్నట్టు, చలిగా, చీకటిగా, రక్షించడానికి ఎవరూ రానట్టు అనిపిస్తుందని అంటుంది. అసలు పాటలో ఆ అడవి లేదు. విన్న మనిషిలో ఉంది. నవలంతా ఆ అడవిలోనే నడుస్తుంది.

ఇక్కడ కాసేపు ఆగు. నీ మూడో అధ్యాయంలో ఒక పాటను "విరహానికి పరాకాష్ఠ" అన్నావు. ఆ పాట గురించి అందరూ అనేది అదే. నీ కథానాయిక దాన్ని ఏమని విన్నది? చిన్నప్పుడు మాటలు సరిగా తెలియక ఏదో ఒకటి ఊహించుకుని పాడుకున్న పంక్తి మనందరికీ ఒకటి ఉంటుంది. సరైన మాట తెలిసిన తర్వాత కూడా మనసులో ఆ తప్పు పంక్తే మిగిలిపోతుంది. రచయితకు కావలసింది ఆ తప్పు పంక్తే, ఎందుకంటే అది ఇంకెవరి దగ్గరా దొరకదు.

ఆ నవల మొదలయ్యే తీరు చూడు. కథ చెప్పే ముప్ఫయ్యేడేళ్ల వతనబె జర్మనీలోని హాంబర్గ్ విమానాశ్రయంలో దిగబోతున్నాడు. నవంబరు వాన. విమానం నేల మీదికి వచ్చాక పైకప్పు స్పీకర్లలోంచి సన్నగా సంగీతం వినిపిస్తుంది. అది బీటిల్స్ గొంతు కూడా కాదు, ఏదో వాద్యబృందం వాయించిన ఆ పాట వరస. అతను ముందుకు వంగి, తల పగిలిపోతుందేమో అన్నట్టు ముఖం చేతుల్లో దాచుకుంటాడు. విమాన సిబ్బందిలో ఒకామె వచ్చి ఒంట్లో బాగా లేదా అని అడుగుతుంది. అంతే. పాట ఎంత గొప్పదో రచయిత ఒక్క ముక్క చెప్పలేదు, ఒక్క పంక్తి ఎత్తి రాయలేదు. ఆ పాట ఒక మనిషి శరీరాన్ని ఏం చేసిందో చూపించాడు. నా సంపాదకుడు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పేజీలో దొరికింది: పాట వినని పాఠకుడికి కూడా, వంగిన ఆ వెన్ను కనిపిస్తుంది.

ఇంకాస్త ముందుకు వెళితే నాకు మరీ ఇష్టమైన ఘట్టం వస్తుంది. నవొకొ కొండల్లోని ఒక ఆరోగ్యనిలయంలో ఉంటుంది. ఆమెతో గది పంచుకునే రెయికొ గిటార్ వాయిస్తుంది. నవొకొ ఈ పాట అడిగినప్పుడల్లా ఒక నియమం ఉంది. చెయ్యెత్తి పిలిచే పిల్లి బొమ్మ ఆకారంలో ఉన్న డబ్బుల డిబ్బీ వంటగదిలోంచి తెచ్చి, తన పర్సులోంచి వంద యెన్ల నాణెం తీసి అందులో వేయాలి. అన్నిటికంటే ఇష్టమైన పాట కాబట్టి దానికి వెల చెల్లించి మరీ వింటుంది. ఆ డబ్బు తన సిగరెట్లకు పనికివస్తుందని రెయికొ అంటుంది. ఒక నాణెం, ఒక డిబ్బీ, ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఒక ఒప్పందం: ఆ పాట ఆమెకు ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? "ఆమెకు ఆ పాటంటే ప్రాణం" అని నువ్వు నీ నవలలో నాలుగుచోట్ల రాశావు. నాలుగూ కొట్టేసి, ఒక్కచోట ఆమె ఆ పాట కోసం ఏదైనా ఇచ్చేటట్టు, ఏదైనా వదులుకునేటట్టు, లేదా ఎవరికో దాచిపెట్టేటట్టు రాయి.

చివర్లో, నవొకొ చనిపోయిన తర్వాత, రెయికొ వతనబె దగ్గరికి వస్తుంది. ఆ పిల్లకు జరిగిన అంత్యక్రియలు మరీ దిగులుగా జరిగాయని, ఇద్దరూ కలిసి పాటలతో ఇంకొకసారి జరుపుతారు. ఒక్కో పాటకు ఒక అగ్గిపుల్ల పక్కన పెట్టి లెక్కపెడుతూ, ఆమె గిటార్ మీద యాభై పాటలు వాయించి, యాభైయొకటోదిగా జర్మన్ స్వరకర్త బాఖ్ ఫ్యూగ్ (ఒకే వరసను ఒకదాని వెంట ఒకటిగా అందుకునే రచన) ఒకటి వాయిస్తుంది. మొదలుపెట్టేది అమెరికన్ స్వరకర్త హెన్రీ మాన్సినీ పాట 'డియర్ హార్ట్'తో. ఆ రికార్డు వతనబె ఒకప్పుడు నవొకొకు కానుకగా ఇచ్చినది. ఆ పేజీలో పాటల పేర్లు వరసగా వస్తూనే ఉంటాయి, నీ రాతప్రతిలో వచ్చినట్టే. తేడా ఏమిటంటే అక్కడ ఆ పేర్లు అగ్గిపుల్లల్లాగా ఒక్కొక్కటే పేరుతూ ఉంటే మనం ఒక మనిషిని సాగనంపుతున్నట్టు ఉంటుంది. ఆ వరస రావడానికి ముందు రచయిత కొన్ని వందల పేజీల పాటు దానికి తగిన పునాది వేశాడు. పునాది లేకుండా పేర్లు మాత్రమే తెచ్చుకుంటే అవి గోడకు అంటించిన కాగితాలే అవుతాయి.

ఒక సంగతి నీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. ఆ నవల రాసే రోజుల్లో ఆయన గ్రీస్‌లోనూ ఇటలీలోనూ ఉన్నారు. అప్పుడు వాక్‌మన్‌లో, అంటే వెంట తీసుకెళ్లే చిన్న క్యాసెట్ యంత్రంలో, పదేపదే, నూట ఇరవై సార్ల దాకా, వింటూ వచ్చినది బీటిల్స్‌దే అయినా 'సార్జంట్ పెప్పర్స్' అనే వేరే ఆల్బమ్ అని ఆయనే రాసుకున్నారు. రాసే చెయ్యి కదలడానికి మనం వినే సంగీతం వేరు, కథలో మనుషులు వినే సంగీతం వేరు. నువ్వు ఈ రెంటినీ కలిపేశావు. నీ ఏడో అధ్యాయంలో డెబ్బయ్యేళ్ల పెద్దాయన వినే పాట ఆయన వయసుకు తగినది కాదు, నీ వయసుది. నువ్వు ఆ అధ్యాయం రాస్తూ విన్నదే ఆయన చేత వినిపించావని నా అనుమానం.

ఇక సంగీతం నుంచి రచయిత నేర్చుకోవలసిన అసలు విషయానికి వస్తాను. మురకామికి 1964 జనవరిలో, పదిహేనో పుట్టినరోజు కానుకగా, జపాన్‌లోని కోబె నగరంలో అమెరికన్ డ్రమ్ముల విద్వాంసుడు ఆర్ట్ బ్లేకీ, ఆయన జాజ్ మెసెంజర్స్ బృందం చేసిన కచేరీకి టికెట్ దొరికింది. ఆ రాత్రి పట్టుకున్న జాజ్ అనే ఆ అమెరికన్ సంగీతం ఆయన్ను మళ్లీ వదలలేదు. 1974లో భార్యతో కలిసి టోక్యోలో 'పీటర్ క్యాట్' అనే జాజ్ కెఫే తెరిచారు, ఏడేళ్ల పాటు పొద్దున్నుంచి రాత్రిదాకా రికార్డుల మధ్యనే గడిపారు. ఇరవైతొమ్మిదేళ్లు వచ్చేవరకు రచయిత అవుదామన్న ఆలోచనే లేదు. మొదటి నవలను రోజూ కెఫే కట్టేశాక, అర్ధరాత్రి, వంటింటి బల్ల మీద రాశారు. తొలి ప్రయత్నం చప్పగా వచ్చింది. అప్పుడు ప్రారంభాన్ని తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో రాసి, దాన్ని మళ్లీ తానే జపనీస్‌లోకి మార్చుకున్నారు. మాటలు తక్కువ కావడంతో వాక్యాలు పొట్టివయ్యాయి, అలంకారాలు రాలిపోయాయి, లోపల ఒక నడక బయటపడింది. ఆయన శైలి అక్కడ మొదలైంది.

రాయడం గురించి తనకు తెలిసినదంతా దాదాపుగా సంగీతం నుంచే నేర్చుకున్నానని ఆయన ఒక వ్యాసంలో చెప్పారు. మొదట లయ, ఆ లయకు ఒదిగేటట్టు మాటల పొందిక, ఆ మాటలను లోపలినుంచి మోసే శ్రుతి, వీటన్నిటి తర్వాత కథ తనంతట తాను పొంగుకువచ్చే మనోధర్మం. ఇది ఆయన చెప్పిన క్రమం, మాటలు నావి. అదే వ్యాసంలో జాజ్ పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ మాటను గుర్తు చేసుకుంటారు. మీటల మీద కొత్త స్వరం ఏదీ ఉండదు, అన్నీ ముందే అక్కడ ఉన్నాయి, కానీ ఒక స్వరాన్ని నిండు మనసుతో ఉద్దేశించి వాయిస్తే అది వేరుగా పలుకుతుంది అని ఆ మాట సారం. మన చేతిలో ఉన్నవీ ఆ యాభై ఆరు అక్షరాలే కదా.

ఈ మాట పట్టుకుని నీ వాక్యం ఒకటి చూద్దాం. నాలుగో అధ్యాయం మొదట్లో ఇలా రాశావు: "తీవ్రమైన దుఃఖంతో, మాటలకందని వేదనతో, గతం తాలూకు జ్ఞాపకాల బరువుతో అతను ఆ గదిలోకి అడుగుపెట్టాడు." పైకి చదువు. మూడు 'తో'లు ఒకే ఎత్తులో పడ్డాయి. మృదంగం మీద ఒకే దెబ్బ మూడుసార్లు పడ్డట్టు ఉంది, నాలుగోసారికి చెవి వినడం మానేస్తుంది. ఐదో అధ్యాయంలో నువ్వే రాసినది ఇప్పుడు చదువు: "తలుపు తీశాడు. లోపల ఎవరూ లేరు. బల్ల మీద క్యాసెట్ ఒకటి, రిబ్బన్ బయటికి వచ్చి వేలాడుతూ ఉంది. పెన్సిల్ కోసం వెతికాడు." రెండు పొట్టి వాక్యాలు, ఒక సాగుడు, మళ్లీ ఒక పొట్టి. దుఃఖం అనే మాటే లేదు. అతను ఆ చక్రంలో పెన్సిల్ దూర్చి, రిబ్బన్ మడత పడకుండా ఒక్కో పన్నూ తిప్పుతూ ఉంటే, అన్నగారు పోయిన సంగతి మనకు అప్పుడే మొదటిసారి తెలిసినట్టుంది. ఆ అధ్యాయాన్ని రెండోసారి చదివింది అందుకే.

పాటల పంక్తులు ఎత్తి రాయడం గురించి ఒక్క మాట. పాటలకు హక్కుదారులు ఉంటారు. 2014లో మురకామి తన కథ ఒకదానిలో బీటిల్స్ 'యెస్టర్‌డే' పాటకు జపాన్‌లోని కన్సాయి ప్రాంతపు మాండలికంలో సరదా అనువాదం రాసి పత్రికలో వేస్తే, హక్కులు చూసేవారి నుంచి కబురు వచ్చి, పుస్తకంలో ఆ భాగాన్ని చాలావరకు తగ్గించుకోవలసి వచ్చింది. అంతటివారికే తప్పలేదు. నీ రాతప్రతిలో ఎత్తి రాసిన చరణాలు పదకొండు ఉన్నాయి, పదకొండింటి పక్కనా గీత పెట్టాను. వాటిలో ఒక్కటి తీసేసినా కథకు లోటు రావడం లేదు.

అధ్యాయాల తలమీది పేర్లు కూడా తీసేయి. పుస్తకం చివర జాబితా ఇవ్వాలనుకుంటే ఇవ్వు, నాకు అభ్యంతరం లేదు. మనకు ఇంత ఇచ్చినవారిని పేరుపెట్టి తలుచుకోవడం మంచి పనే, వెతుక్కుని వినే పాఠకులూ ఉంటారు. మురకామి '1క్యూ84' నవల 2009లో వచ్చినప్పుడు, టోక్యోలో వాహనాలు నిలిచిపోయిన దారిలో టాక్సీ రేడియోలో వినిపించే చెక్ స్వరకర్త యనాచెక్ వాద్యబృంద రచన 'సింఫోనియెట్టా' కోసం జపాన్ పాఠకులు సీడీల దుకాణాల మీద పడ్డారు. వాళ్లు కథ చదివి పాట దగ్గరికి వెళ్లారు.

రాతప్రతి ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. ముందు ఏడో అధ్యాయం తిరగరాయి. ఆ పెద్దాయన పద్దెనిమిదేళ్లప్పుడు ఏం విన్నాడో, ఎవరి పక్కన కూర్చుని విన్నాడో కనుక్కుని రాయి. ఐదో అధ్యాయంలో ఒక్క అక్షరం మార్చవద్దు. ఆ క్యాసెట్‌లో ఉన్న పాట ఏదో నువ్వు ఎక్కడా చెప్పలేదు, జాబితాలో కూడా దాని పేరు రాయకు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి